నడుమ పెట్టిన కాగితం

చెవిలో తుండుగుడ్డ కొస దోపుకునే అలవాటు నాకు ఒక మనిషి దగ్గర అబ్బింది. మా కడప బడిలో తోటి అయ్యవార్లు ఎన్నికల సంగతి ఎత్తుకుని బల్లలు గుద్దుకునేటప్పుడు, నేను భుజం మీది గుడ్డ కొస మెలిపెట్టి చెవిలో పెట్టుకుంటాను. చీము కారుతోందేమోనని ఒకాయన జాలిపడి మందు కూడా చెప్పాడు. చీము కాదు నాయనా, ఇది నేర్చుకున్న విద్య అని చెప్పలేదు. ఆ విద్య నేర్పిన మనిషి పోయి నెల దాటిందని మొన్న శుక్రవారం బస్సులు ఆగే చోట తెలిసింది.

చెప్పినవాడు హనుమంతు. నాలుగేళ్ళ కిందట నేను పనిచేసిన ఊరివాడు. పత్తికొండకు అవతల, ఎర్రమన్ను, రాళ్ళు, కొర్రచేలు తప్ప ఇంకేమీ లేని ఊరు అది. కూతురికి జ్వరం తగ్గితే కడప దర్గాకు వస్తానని మొక్కుకున్నాడట. చక్కెర చదివించుకుని తిరుగు బస్సు కోసం గోడ నీడన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"బాగుండావా ఐవారూ? ఆయప్ప పోయినాడు," అన్నాడు.

ఎవరని నేను అడగలేదు. హనుమంతు నోట ఆయప్ప అంటే ఒక్కడే, వాళ్ళ పక్కింటాయన. మిగతా సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ మనిషిని కొంచెం చూపించాలి. ఆయన గురించి ఒక్క మాట చెప్పవలసిన రోజున నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఇన్ని మాటలు రాయడం అందుకే.

మనిషి సన్నం. యాభై దాటి ఉంటాయి. ఎండలో బతికినవాళ్ళ వయసు సరిగ్గా చెప్పలేం. నడిచేటప్పుడు కళ్ళు ఎప్పుడూ నేల మీదే. ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నాడని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు. మన్ను చూసుకుంటూ నడిచేవాడు, అంతే. మంచివాడని నేను పొగడబోవడం లేదు. పచ్చి మొండి. సంగటి మెత్తగా ఉందని భార్యతో పొద్దంతా మాట్లాడకుండా ఉండగలడు. ఎవరైనా సలహా చెబితే చివరిదాకా విని, సరిగ్గా దానికి ఎదురు పని చేసేవాడు.

రోజూ సాయంత్రం బడి అరుగు మీద నేను పేపరు చదివేవాణ్ణి. కర్నూలు నుంచి బస్సులో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరది. ఊళ్ళో నలుగురు చదవగలిగినా, అందరికీ వినిపించేలా చదవగలిగే గొంతు నాదేనని నాకు గర్వంగా ఉండేది. ఇరవై ఇరవై అయిదుమంది వచ్చేవాళ్ళు. పైవీధి వాళ్ళు మెట్లకు తూర్పున, కిందవీధి వాళ్ళు పడమట కూర్చునేవాళ్ళు. ఈయన మాత్రం మెట్ల మీదే కూర్చునేవాడు. నేను పేపరు విప్పగానే, "వాన సంగతి ఉంటే ముందది చదువప్పా," అనేవాడు. ఉండేది కాదు. నేను లేదనగానే తుండుగుడ్డ కొస మెలిపెట్టి ఒక చెవిలో దోపుకునేవాడు. అరుపులు పెరిగితే రెండో కొస రెండో చెవిలోకి పోయేది. అంతా అయ్యాక కొసలు లాగేసి, "అయిపాయనా?" అని అడిగి లేచేవాడు.

మరి ఎందుకు వస్తావని ఒకసారి అడిగాను.

"యాపొద్దన్నా వాన సంగతి రాస్తారేమోనని," అన్నాడు.

కూర్చున్నంతసేపూ చేతులు ఊరకుండేవి కావు. ఏది దొరికితే దాన్ని తాంబూలం చిలక మడిచినట్టు మడిచేవాడు. తమలపాకైనా సరే, బస్సు టిక్కెట్టయినా సరే, నేను చించి పడేసిన కాగితమైనా సరే. మూడు మడతలు వేసి, కొస లోపలికి దోపి, మెట్టు మీద నిలబెట్టి వెళ్ళిపోయేవాడు. పొద్దున అరుగు ఊడ్పించేటప్పుడు చిలక కనిపిస్తే నిన్న ఆయన వచ్చాడన్నమాట. ఆ మడత ఇంకెవరికీ రాదు. నేను ప్రయత్నించి చూశాను, నిలబడలేదు.

ఊరికి పైవీధి, కిందవీధి అని రెండు వీధులు. వాటి మధ్య తాతలనాటి పగలేవో ఉండేవి. పార్టీలు వచ్చి ఆ పగలకు కొత్త చొక్కాలు తొడిగాయి. ఆ పార్టీల పేర్లు చెప్పను. చెబితే చదివేవాళ్ళు కూడా వెంటనే ఒక పక్కకు జరిగి కూర్చుంటారు.

నేను వెళ్ళిన ఏడాదిలోనే అక్కడ మాట్లాడడమంటే భయం పట్టుకుంది. "ఈపొద్దు ఎండ శానా ఉండాదే," అంటే, "ఎవురిని ఎత్తిపొడుస్తాండావు?" అనేవాళ్ళు. ఊరి మొత్తానికి కాఫీ తాగేవాళ్ళు పదిహేనుమంది ఉంటే రెండు కాఫీ హోటళ్ళు పెట్టారు. మంగలి ఒక్కడే దొరికాడు కాబట్టి పాపం సోమవారం పైవీధికీ గురువారం కిందవీధికీ పంచారు. తేలు కుట్టి ఒకడు ఏడుస్తూ వస్తే, మంత్రం వేసేవాడు ఎక్కడ కుట్టిందని అడగలేదు, ఏ వీధి అని అడిగాడు. ఇవన్నీ నవ్వుతాలు అనుకున్నాను అప్పట్లో. పేపరు చదివేటప్పుడు పైవీధి పార్టీ వార్తలు కొంచెం గొంతు పెంచి చదివేవాణ్ణి కూడా. నేను ఉండేది పైవీధి పెద్దమనిషి మిద్దెలో. తినేది వాళ్ళ ఇంట్లో.

ఈ గోల మొత్తానికి ఆయన దగ్గర ఒకటే ప్రశ్న. అరిచేవాడి ముందుకు వెళ్ళి నిలబడి, "నీకు నోరు నొయ్యదా అప్పా?" అనేవాడు. ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగేవాడు. అందుకే ఎక్కువ కోపం వచ్చేది.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్నాయని, గుడారాలు గాలికి ఎగురుతున్నాయని, ఎగరడం లేదని ఒకరోజు అరుగు మీద పెద్ద రభస. ఒకరి అమ్మను ఒకరు తిట్టుకునేదాకా వచ్చింది. ఈయన రెండు చెవుల్లోంచి కొసలు లాగి, "రాజధాని వచ్చినాక కర్నూల్లో వానలు శానా పడతాండాయా?" అని అడిగాడు. లేదని ఎవరో అన్నారు. "అయితే మనకెందుకప్పా," అని ఇంటికి పోయాడు. ఆయన పోయాక, ఆ మాట మనల్ని దెప్పడానికే అన్నాడని రెండు పక్కలవాళ్ళూ విడివిడిగా తీర్మానించుకున్నారు.

ఇక ఎద్దు సంగతి. ఆయనకు ఉన్నది ఒకటే ఎద్దు, నల్లది. పక్కింటి హనుమంతుకూ ఒకటే, తెల్లది. జత ఎద్దులు కొనే తాహతు లేని రైతులు అక్కడ ఇట్లాగే పొత్తు పెట్టుకుంటారు. రెండిళ్ళ ఎద్దులను ఒక కాడికి కట్టి ఒకరోజు ఒకరి చేను, మరునాడు రెండోవారి చేను దున్నుకుంటారు. అయితే ఏ ఎద్దునైనా తెచ్చి ఎటైనా కట్టడానికి కుదరదు. ఎడమ పక్కన నడిచేది దాపటెద్దు, కుడి పక్కన నడిచేది వెలపటెద్దు. చిన్నప్పుడు ఏ పక్కన అలవాటైతే చచ్చేదాకా ఆ పక్కే. ఈయన నల్లది వెలపట, హనుమంతు తెల్లది దాపట. పదేళ్ళుగా ఆ రెండూ ఒకే కాడి కింద నడిచాయి. ఆ ఇళ్ళ మధ్య ఏ కాగితమూ లేదు, ఏ ఒప్పందమూ లేదు. పొద్దున్నే ఎవరో ఒకరు గోడ అవతలికి కేకవేస్తే చాలు.

అక్కడి సేద్యానికి అన్నిటికన్నా పెద్దది పదును. వాన పడ్డాక నేలలో విత్తనానికి సరిపోయేంత తడి నిలిచే రోజులను పదును అంటారు. ఆ ఎర్రమన్నులో అది నాలుగు రోజులు, ఎండ కాస్తే మూడు. ఆలోపల విత్తితే పంట, లేకపోతే వచ్చే ఏడాదే. ఆయన పిడికెడు మన్ను తీసి, ఉండలా నొక్కి, మోకాలి ఎత్తు నుంచి పాదం మీదికి వదిలేవాడు. మూడు ముక్కలైతే సరైన పదును. ముద్దగా ఉంటే ఇంకా తడి ఎక్కువ. పొడైతే కాలం దాటింది. పదిమందిలో నిలబడి మాట్లాడుతూ కూడా ఈ పని చేసేవాడు.

ఎన్నికలకు వారం ముందు రెండు వీధుల్లోనూ ప్రమాణాలు మొదలయ్యాయి. పైవీధిలో వెలుగుతున్న కర్పూరం అరచేత్తో ఆర్పి మాట ఇవ్వాలి. కిందవీధిలో ఉప్పు పట్టుకుని మాట ఇవ్వాలి. ఈయన్ని ఇద్దరూ పిలిచారు. పైవీధిలో, "ఎద్దుకు మేత వెయ్యల్ల," అని లేచి వచ్చాడు. కిందవీధిలో కూడా అదే మాట చెప్పి లేచాడు. ఇద్దరికీ ఒకే సాకు చెప్పడంతో కథ మొదలైంది. హనుమంతు గుత్తకు చేసే చేను కిందవీధి వాళ్ళది కాబట్టి అతను ఉప్పు పట్టుకున్నాడు.

ఓట్లు మా బడిలోనే. కర్నూలు నుంచి ఒక అధికారి వచ్చాడు. నాది వేలికి సిరా పూసే పని. లోపలి గదిలో గోనెపట్టా తెర కట్టి, వెనక బల్ల మీద రెండు పెట్టెలు పెట్టారు. ఒకదాని మీద ఒక బొమ్మ, రెండోదాని మీద ఇంకో బొమ్మ. ఇచ్చిన కాగితం ఇష్టమైన పెట్టెలో వేసి రావాలి. ఆయన సాయంత్రం, మూసే వేళకు వచ్చాడు. తెర వెనక చాలాసేపు ఉన్నాడు. "ఏం, పొలం దున్నుతాండాడా లోపల?" అని ఎవరో అన్నారు. బయటికొచ్చి మా అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

పెట్టెలకు ముద్ర వేసే ముందు అధికారి, రెండు పార్టీల మనుషులు, నేను తెర వెనక్కి వెళ్ళాం. రెండు పెట్టెల మధ్య జానెడు సందు. ఆ సందులో బల్ల మీద ఓటు కాగితం నిలబడి ఉంది. మూడు మడతలు, కొస లోపలికి దోపిన చిలక.

ఇది మా పెట్టె మీంచి పడిందేనని పైవీధి మనిషి అన్నాడు. కాదు, మా పెట్టెదేనని కిందవీధి మనిషి అన్నాడు. అధికారి ఆ కాగితం విప్పి, చెల్లదని రాసి, ఒక కవరులో పెట్టేశాడు. మడత ఎవరిదో అక్కడ తెలిసింది నా ఒక్కడికే. నేను మాట్లాడలేదు.

మరునాడు అడిగితే దాచకుండా చెప్పాడు.

"నాదే ఐవారూ. ఇద్దరూ అడిగినారు. ఉండేది ఒకటే కాగితం. రెండిటికీ నడుమ పెట్టి దండం పెట్టుకుని వచ్చినా."

"అది చెల్లదు కదా పెద్దాయనా!"

"చెల్లకపోతే పాయె. కాడికి నడుమ మేకు కొడతామా లేదా? ఆ పక్కకు కొంచెం, ఈ పక్కకు కొంచెం జరిగితే ఒక ఎద్దు మీదనే బరువు పడతాది. అట్ల పెట్టినా."

అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పాడు. ఒక్కడూ నమ్మలేదు. ఓటును ఎవడన్నా నడుమ పెడతాడా? లోపల అంతసేపు ఉన్నాడంటే మా పెట్టెలోది లాగేసి ఉంటాడని పైవీధి అంది. సరిగ్గా అదే మాట కిందవీధి కూడా అంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది ఆయన పని. పైవీధి పెద్దమనిషి తాలూకాకు ఒక అర్జీ పంపించాడు, ఆ కాగితం తమ పెట్టె మీంచి జారిందేనని. ఆ అర్జీ నా దస్తూరీతో ఉంది. వాళ్ళ ఇంట్లో అన్నం తిని, వాళ్ళ వసారాలో కూర్చుని, అబద్ధమని తెలిసి తెలిసి రాశాను. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకున్నారు.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. మృగశిర ఉత్తదే పోయింది. ఆరుద్ర కార్తెలో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి రెండు గంటలు కురిసింది. మరునాటి ఉదయం నేను పిల్లలకు ఎక్కాలు చెబుతుంటే ఆయన బడికి వచ్చాడు. పాఠాల వేళ ఆయన రావడం అదే మొదలు. గుమ్మంలో నిలబడి పిడికిలి విప్పి మన్ను ఉండ పాదం మీద వదిలాడు. మూడు ముక్కలైంది.

"చూడు ఐవారూ, పదును," అన్నాడు. "హనుమంతు ఎద్దును పంపనంటాండాడు."

సంగతి చెప్పాడు. మాకే వేశానని ఉప్పు పట్టుకుంటే హనుమంతు ఎద్దును పంపుతామని కిందవీధి వాళ్ళు అన్నారు. మాకే వేశానని కర్పూరం ఆర్పితే దాపటెద్దును మేమే ఇస్తామని పైవీధి వాళ్ళు అన్నారు. రెండిట్లో ఏది చేసినా ఆ సాయంత్రానికే విత్తనం నేలలో పడుతుంది.

"ఏదో ఒకటి అనేసెయ్యి పెద్దాయనా. ఒక్క మాటే కదా. పంట కన్నా ఎక్కువా?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. ఎప్పుడూ నేలను చూసే మనిషి, నా మొహంలోకి చూశాడు.

"ఒక్క మాటే గదా ఐవారూ. అది నువ్వు చెప్పు. కాగితం యాడ నిలబడుండిందో చూసినావు. మడత ఎవరిదో నీకు తెలుసు. నా మాట నమ్మరు. నీ మాట నమ్ముతారు, నువ్వు చదువుకున్నోనివి."

పిల్లలు ఎక్కాలు ఆపి మమ్మల్నే చూస్తున్నారు. ఓటు రహస్యమని, ఎన్నికల పని చేసినవాడు బయట చెబితే ఉద్యోగం పోతుందని చెప్పాను. నేను చెప్పిన చట్టం నిజమే. అర్జీ సంగతి మాత్రం చెప్పలేదు. నోరు విప్పితే నా దస్తూరీ నన్నే అబద్ధాలకోరును చేస్తుంది. మిద్దె ఖాళీ చెయ్యాలి. అన్నం ఇంకెక్కడో వెతుక్కోవాలి. ఇంత చిన్న కారణాలు అవి.

"అట్లనా," అన్నాడు. కోపం లేదు. "అట్లయితే నువ్వేం చేస్తావులే." గుమ్మంలో రాలిన మన్ను కాలితో పక్కకు నెట్టి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఎదురుచూశాడు. పొద్దున్నే గోడ దగ్గర నిలబడి హనుమంతును కేకవేసేవాడట, ఎప్పటిలాగే. అటునుంచి పలుకు లేదు. చుట్టూ చేలల్లో విత్తనాలు పడిపోతున్నాయి. "పొత్తుల మొగుడు పుచ్చి చచ్చినట్టు, అందరికీ కావాల్సినోడైతే ఇంతే," అని మా మిద్దె వసారాలో పెద్దమనిషి నవ్వాడు. నేనూ కొంచెం నవ్వాను.

మూడో రోజు బడి కిటికీలోంచి చూశాను. బడి ముందు బాటకు ఆనుకునే ఆయన చేను. నల్లెద్దు కుడి పక్కన కాడి కింద ఉంది. ఎడమ పక్కన ఆయన ఉన్నాడు. తుండుగుడ్డ నాలుగు మడతలు వేసి మెడ మీద పెట్టుకుని, దాని మీద కాడి ఎత్తుకున్నాడు. వెనక నాగలి మేడి ఆయన భార్య పట్టుకుంది. ఒడిలో కొర్ర విత్తనాలు. ఒక చేత్తో మేడి నొక్కుతూ, రెండో చేత్తో సాలులోకి విత్తనం వదులుతోంది. ఎద్దు ఎత్తు, మనిషి పొట్టి. కాడి ఒరిగిపోయి బరువంతా ఆయన మీదికే వస్తోంది. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు. ఎద్దు కూడా ఆగుతోంది. ఆయన కదిలితేనే కదులుతోంది. ఒక్క సాలు చివరికి చేరేలోపు నా తరగతిలో రెండు ఎక్కాలు అయిపోయాయి.

గట్ల మీద జనం చేరారు. పైవీధి వాళ్ళు తూర్పు గట్టు, కిందవీధి వాళ్ళు పడమటి గట్టు. ఒక్కడు దిగి కాడి పట్టుకుంటే అయిపోయేది. ఎవరూ దిగలేదు. నేనూ దిగలేదు, బెల్లు కొట్టలేదన్నది నా సాకు. అప్పుడు పడమటి గట్టు మీంచి ఎవరో, "ఆడది మేడి పట్టింది సూడండ్రా! ఊరికి అరిష్టం," అన్నారు. తూర్పు గట్టు మీంచి, "అవునప్పా, ఇది మంచిది కాదు," అని జవాబొచ్చింది. ఏడాది పాటు ఒకరి మొహం ఒకరు చూడని రెండు వీధులు ఆ ఒక్క మాట మీద కలిశాయి. ఇటువాడు గట్టు చుట్టి వెళ్ళి అటువాడికి అగ్గిపెట్టె కూడా ఇచ్చాడు. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రానికి చేనులో మూడో వంతు విత్తగలిగారు. మరునాడు మెడ వాచి ఆయన తల తిప్పలేకపోయాడు. ఆ మరునాటికి మన్ను ఉండ పాదం మీద పడి పొడైంది. మిగిలిన నేల ఆ ఏడంతా ఎర్రగా, ఉత్తగా పడి ఉంది. బడికి వెళ్ళినప్పుడల్లా అది నాకు కనబడేది. కాడి రాసుకున్న చోట మెడ మీద పుండు పడింది. అది మానినా మచ్చ మిగిలింది, పనిచేసే ఎద్దుకు పడ్డట్టే. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ ఊళ్ళో మేమంతా కాకులమే.

తర్వాత ఆయన అరుగు దగ్గరకు రాలేదు. పేపరు విప్పేటప్పుడు వాన సంగతి అడిగేవాళ్ళు లేరు. ఒకరోజు నిజంగానే వాన వార్త వచ్చింది, కోస్తాలో వరదలని. చదవబుద్ధి కాక పేజీ తిప్పేశాను.

నాకు కడపకు బదిలీ అయినప్పుడు చెప్పిరావడానికి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక ఉత్తర్వు కాగితం చూపించాను. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళు అలవాటుగా ఒక మూల వంచాయి. వెంటనే సాపు చేసి నాకు ఇచ్చేశాడు.

"ఇది మడిచేది కాదులే," అన్నాడు. గుమ్మం దాకా వచ్చి, "కడపలో వానలెట్లుంటాయి?" అని అడిగాడు.

ఇంతే నేను చెప్పగలిగింది. మళ్ళీ బస్సుల దగ్గరికి వస్తాను.

హనుమంతు చెప్పాడు. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడట. "పాడె కట్టినాము ఐవారూ. ఎత్తేకి మనుషుల్లేరు. పైవీధోళ్ళు కిందోళ్ళ మనిషన్నారు. మావోళ్ళు పైవోళ్ళ మనిషన్నారు. నేనొకన్ని, ఆయప్ప అల్లుడొకడు. నలుగురు కావల్ల గదా. పొద్దు నెత్తి మీదికొచ్చె. ఆయమ్మ అట్లనే కూసోనుండాది."

"మరి?"

"బండి కట్టినా. ఆయప్ప ఎద్దు వెలపట, నా ఎద్దు దాపట. నాలుగేండ్లాయ, రెండూ ఒక కాడి కింద నిలబడి. ముసలివైపోయినాయి. కాడి ఎత్తంగానే యా పక్కకు యాది రావల్లనో అవే వచ్చి నిలబడినాయి ఐవారూ. నేను చెర్నాకోల ఎత్తల్యా. నోరు కూడా తెరవల్యా. అవే పోయినాయి." హనుమంతు పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. "ఆ పొద్దు ఆయప్ప గోడకాడ నిలబడి పిలిస్తే తలుపేసుకుని కూసున్నోన్ని నేను. పలుపు తెంపుకునేకి ఎద్దు గుంజులాడింది. దాన్ని కొట్టినా."

"బండి కట్టినందుకు మీవాళ్ళు ఏమీ అనలేదా?"

"తిట్టినారు. చచ్చినోనికి పార్టీ ఏందప్పా అని చెప్పినా."

ఈ ఒక్క మాట కోసమైనా ఆయన చూసి ఉంటే బాగుండేదనిపించింది. పత్తికొండ వైపు బస్సు వచ్చి ఆగింది. హనుమంతు మూట తీసుకుని లేచాడు. రెండడుగులు వేసి మళ్ళీ నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒకటి అడగల్ల ఐవారూ. నాలుగేండ్లుగా మనసులో ఉండాది. ఆ పొద్దు పెట్టెలకాడ నువ్వుండావు. ఇప్పుడు ఆయప్ప లేడు, చెప్తే పొయ్యేదేం లేదు. నిజం చెప్పు. ఆయప్ప ఎవురికేసినాడు?"

చెప్పాను. అన్నీ చెప్పాను. రెండు పెట్టెల మధ్య జానెడు సందు, అందులో నిలబడిన చిలక, ఆ మడత ఇంకెవరికీ రాదన్న సంగతి, పైవీధి వసారాలో నేను రాసిన అబద్ధపు అర్జీ, మన్ను పట్టుకుని ఆయన బడికి వచ్చి అడిగిన ఒక్క మాట. ఎవరికీ వెయ్యలేదు హనుమంతూ, ఆయన చెప్పింది చెప్పినట్టు నిజం, నడుమనే పెట్టాడు అన్నాను. కండక్టరు అరుస్తున్నా హనుమంతు కదలకుండా చివరిదాకా విన్నాడు. అంతా విని, చిన్నపిల్లవాడి మీద జాలిపడ్డట్టు నా భుజం తట్టాడు.

"నువ్వట్లనే చెప్తావులే ఐవారూ," అన్నాడు. "నువ్వు మొదట్నుంచీ పైవీధి మనిషివి గదా."

బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని, పోయొస్తానని చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. బస్సు పోయాక భుజం మీది గుడ్డ కొస చేతిలోకి వచ్చింది. చెవిలో దోపుకుందామంటే, అక్కడ మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.